వేడెక్కాక ఐడ్లింగ్ నిలవని పాత ఎంఎక్స్-5: స్క్రూ జోలికి వెళ్లే ముందు

నమస్కారం. మీ ప్రశ్న చదవనివారికి కూడా నా సమాధానం అర్థం కావాలి కాబట్టి ముందు మీ సమస్యను క్లుప్తంగా చెబుతాను. మీ దగ్గర ఉన్నది 1990 మోడల్ మాజ్డా ఎంఎక్స్-5, 1.6 లీటర్ ఇంజన్. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసిన మీ మావయ్యగారు సింగపూర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకున్న బండి. ఉదయం ఒక్క తాళానికే అందుకుంటుంది. విశాఖలోని లాసన్స్ బే నుంచి బయలుదేరి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగేసరికి మాత్రం ఆర్‌పీఎం సూది (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) 1,000కీ 1,800కీ మధ్య ఊయల ఊగడం మొదలుపెడుతుంది. ఇద్దరు మెకానిక్‌లు ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు మార్చి, ఇంజెక్టర్లు శుభ్రం చేయించినా ఫలితం లేదు. మూడో ఆయన త్రాటిల్ బాడీ (ఇంజన్‌కు వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) మీది స్క్రూ బిగించాక ఊగడం చాలావరకు తగ్గింది గానీ, భీమిలి దాకా వెళ్లి వచ్చి ఎక్కడైనా ఆగితే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) 600కు పడిపోతోంది, ఏసీ వేసి ఉంటే ఇంజన్ ఆగిపోతోంది. ఊళ్లో తిరిగితే ఎక్కువ, దూరం వెళ్లి వస్తే తక్కువ, రెండూ ఒకే బండిలో ఎలా ఉంటాయని మీరు అడిగారు.

మీరు రాసిన రెండు పేజీల్లో నన్ను ఆపింది ప్లగ్గుల సంగతీ ఇంజెక్టర్ల సంగతీ కాదు. చివర్లో మాటవరసకు అన్నట్టుగా "నెలకో అర లీటరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తున్నాను, పాత బండి కదా" అని ఒక వాక్యం రాశారు. నా అనుమానం మొత్తం ఆ వాక్యం మీదే ఉంది. నీళ్లకూ ఐడ్లింగ్‌కూ సంబంధం ఏమిటనిపించవచ్చు గనుక, ముందు ఈ ఇంజన్ ఐడ్లింగ్‌లో గాలి ఎలా పీలుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు త్రాటిల్ రేకు దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. అప్పుడు ఇంజన్ బతకడానికి కావలసిన కొద్దిపాటి గాలి ఆ రేకును తప్పించుకుని మూడు పక్కదారుల గుండా లోపలికి వెళుతుంది. మొదటిది త్రాటిల్ బాడీ పైన రబ్బరు మూత కింద ఉండే ఐడ్లింగ్ స్క్రూ. దాన్ని గడియారం దిశలో తిప్పితే దారి ఇరుకై ఆర్‌పీఎం తగ్గుతుంది. రెండోది ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ చెప్పినట్టు తెరుచుకుని మూసుకునే కరెంటు వాల్వు; ఏసీ వేసినా, లైట్లు వేసినా పడిపోతున్న ఐడ్లింగ్‌ను పైకెత్తేది అదే. మూడోది మైనం వాల్వు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తెరిచి ఉండి, లోపలి మైనం వేడికి వ్యాకోచించే కొద్దీ మూసుకుంటుంది. ఉదయం స్టార్ట్ చేయగానే ఐడ్లింగ్ కాస్త ఎక్కువగా ఉండి క్రమంగా దిగేది దీనివల్లనే. ఈ రెండో, మూడో వాల్వులు త్రాటిల్ బాడీ అడుగున ఒకే డబ్బాలో ఉంటాయి. మైనాన్ని వేడిచేసేది ఇంజన్ నుంచి రెండు సన్నని రబ్బరు పైపుల ద్వారా వచ్చే కూలెంటు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ నీళ్లు. దానిమీద కంప్యూటర్‌కు ఎటువంటి అధికారమూ లేదు.

రేడియేటర్‌లో నీళ్లు తగ్గినప్పుడు, లేదా నింపేటప్పుడు గాలి బుడగ లోపల ఉండిపోయినప్పుడు, ఆ సన్నని పైపుల్లో వేడి నీళ్లు సరిగా తిరగవు. ఇంజన్ వేడెక్కుతుంది, మీటరులో ఉష్ణోగ్రత సూది మామూలు చోటుకు వస్తుంది, కంప్యూటర్‌కు సెన్సర్ "వేడెక్కింది" అనే చెబుతుంది. మైనం వాల్వు మాత్రం ఇంకా తెల్లవారుజామునే ఉన్నట్టు తెరిచి ఉంటుంది. దాంతో ఇంజన్ వేగం 1,800 దాకా వెళుతుంది. కాలు యాక్సిలరేటర్ మీద లేదు, ఇంజన్ వేడిగా ఉంది, వేగం మాత్రం ఎక్కువగా ఉంది. అంటే బండి గేరులో వాలులోకి దిగుతోందని కంప్యూటర్ అనుకుంటుంది. వాలులో పెట్రోలు వృథా ఎందుకని ఇంజెక్టర్లను ఆపేస్తుంది. వేగం వెయ్యి దగ్గరకు పడగానే మళ్లీ పెట్రోలు ఇస్తుంది. గాలి దారి ఇంకా తెరిచే ఉంది గనుక వేగం మళ్లీ పైకి వెళుతుంది, మళ్లీ ఆగుతుంది. మీ సిగ్నల్ దగ్గరి ఊయల ఇదే. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు పెట్రోలు ఆపే హద్దు ఇంకా పైన ఉంటుంది కాబట్టి, అంతే వేగంతో తిరుగుతున్నా ఉదయంపూట ఊగదు.

ఇప్పుడు మూడో మెకానిక్ చేసిన పని చూడండి. మైనం వాల్వు గుండా ఎక్కువగా వస్తున్న గాలికి బదులుగా ఆయన ఐడ్లింగ్ స్క్రూ దారిని మూసేసి ఉంటారు. మొత్తం గాలి తగ్గింది, ఊగడం తగ్గింది. ఊళ్లో తిరిగినంతకాలం ఆ బేరం సరిపోయింది. మీరు రుషికొండ దాటి భీమిలి దాకా ఎక్కువ ఆర్‌పీఎంలో నడిపినప్పుడు నీళ్ల పంపు గట్టిగా తోసి, బుడగను దాటుకుని వేడి నీళ్లు చివరికి ఆ సన్నని పైపుల్లోకి చేరుతాయి, మైనం వాల్వు నిజంగా మూసుకుంటుంది. స్క్రూ దారి మనమే మూశాం, మైనం దారి దానంతటదే మూసుకుంది, మిగిలింది కరెంటు వాల్వు ఒక్కటే. దాని శక్తి కొద్దిపాటి సర్దుబాటుకే సరిపోతుంది. అందుకే 600, ఏసీ వేస్తే అదీ లేదు. అంటే మీరు చెప్పిన రెండు వ్యతిరేక లక్షణాల్లో ఒకటి రోగం, రెండోది ఆ రోగానికి చేసిన వైద్యం. ఆ మెకానిక్‌ను నిందించడం నా ఉద్దేశం కాదు; కార్బురేటర్ బండ్ల మీద చెయ్యి తిరిగినవారికి ఐడ్లింగ్ అనగానే చెయ్యి స్క్రూ మీదికే పోతుంది, నాదీ చాలా ఏళ్లు అలాగే పోయింది.

ఇది నా అనుమానం మాత్రమే. నిజమో కాదో తేల్చుకోవడానికి మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండిని మామూలుగా మద్దిలపాలెం దాకా తిప్పి తీసుకురండి. ఊగుతున్నప్పుడే బోనెట్ ఎత్తి, త్రాటిల్ బాడీ అడుగుకు వెళ్లే రెండు సన్నని పైపులను వేళ్లతో తాకండి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు చెయ్యి పెడుతున్నారు గనుక చొక్కా చేతులు మడుచుకోండి, ఫ్యాన్‌కు, బెల్టులకు దూరంగా ఉండండి. పైపులు రెండూ వేలు పట్టలేనంత వేడిగా ఉంటే నా అనుమానం తప్పు, కిందికి చదవండి. రెండూ గోరువెచ్చగా ఉన్నా, లేదా ఒకటి వేడిగా రెండోది చల్లగా ఉన్నా, నీళ్ల సంగతి తేల్చకుండా ఇంకే వస్తువూ కొనకండి.

నీళ్లు తక్కువగా ఉంటే నింపడం ఒక పద్ధతి ప్రకారం జరగాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రి ఉంచి ఉదయం, బండి ముందు భాగాన్ని కొంచెం ఎత్తులో ఉంచి రేడియేటర్ మూత తీయండి. వేడిగా ఉన్నప్పుడు మూత తీసి ముఖం కాల్చుకున్నవారిని ఆటోనగర్‌లో ఇద్దరిని చూశాను. లోపల హీటర్ మీటను పూర్తి వేడి వైపు ఉంచి, మూత తెరిచే ఇంజన్ నడపండి. బుడగలు వస్తున్నంతసేపు నింపుతూ ఉండండి, పై రేడియేటర్ హోస్‌ను చేత్తో నొక్కి వదులుతూ ఉంటే చిక్కుకున్న గాలి త్వరగా బయటికి వస్తుంది. మట్టం ఇక దిగకుండా నిలిచాక మూత బిగించండి. పోసేది బోరు నీళ్లు కాకూడదు. మన ఊళ్లో మంచు పడదు కదా, కూలెంటు ఎందుకని చాలామంది అంటారు. కూలెంటు పని గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే అయితే ఆ వాదన నిజమే. నీళ్లు మరిగే ఉష్ణోగ్రతను పెంచేదీ, అల్యూమినియం హెడ్‌ను (సిలిండర్ల పై భాగాన్ని) తినేయకుండా కాపాడేదీ అదే. బోరు నీళ్లలోని సున్నం, ఇంజన్ లోపలి తుప్పు కలిసి ఎర్రటి బురదగా మారి మొదట పూడ్చేది ఆ సన్నని పైపులనే. అందువల్ల స్వేదన జలంతో సగానికి సగం కలిపిన కూలెంటునే వాడండి.

నెలకు అర లీటరు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. ఈ వయసు బండిలో రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంకు గోధుమ రంగులోకి మారి ఉంటే అది పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. నీళ్ల పంపు కింద తెల్లటి లేదా పచ్చటి చార, హెడ్ వెనక గోడ వైపు హీటర్ హోస్‌ల క్లిప్పుల దగ్గర తడి, ఇవి చూడవలసిన చోట్లు. ఎక్కడా తడి కనిపించకుండా నీళ్లు పోతుంటే, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లటి తియ్యటి వాసన గల పొగ వస్తుందేమో గమనించండి. వస్తే అది హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింది ప్యాకింగ్) వ్యవహారం, ఐడ్లింగ్ సంగతి తరవాత.

పైపులు వేడిగానే ఉండి ఐడ్లింగ్ ఎక్కువగా ఉంటే వాల్వు డబ్బానే విప్పి చూడాలి. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. చాలా కార్లలో గాలి గొట్టం ఊడదీసి, త్రాటిల్ బాడీ నోట్లోని పక్కదారి రంధ్రాన్ని వేలితో మూసి ఆర్‌పీఎం పడిపోతోందా అని చూస్తాం. మీ 1.6లో ఆ పని కుదరదు. దానిలోని గాలి మీటరు (ఇంజన్ పీల్చే గాలిని కొలిచేది) రేకు తలుపు రకం. గాలి ఆ తలుపును నెట్టినప్పుడే పెట్రోలు పంపు స్విచ్ కలుస్తుంది. గొట్టం ఊడదీయగానే తలుపు మూసుకుని ఇంజన్ ఆగిపోతుంది. ఆ సంగతి తెలియక పంపు పోయిందని తేల్చినవాళ్లు ఉన్నారు. కాబట్టి డబ్బాను విప్పండి, అడుగు స్క్రూలు బిగుసుకుని ఉంటాయి, సరైన కొలత స్క్రూడ్రైవర్ లేకపోతే తలలు అరుగుతాయి. విప్పాక చల్లగా ఉన్నప్పుడు గాలి దారిలో నోటితో ఊదితే గాలి పోవాలి. తరవాత పొయ్యి మీద నీళ్లు మరిగించి దించి, కరెంటు కప్లర్ తడవకుండా డబ్బా అడుగుభాగాన్ని కొన్ని నిమిషాలు ముంచి, మళ్లీ ఊదండి; దాదాపు మూసుకుని ఉండాలి. మన ఊళ్లో వేసవి మధ్యాహ్నం గదిలోనే మైనం కొంత వ్యాకోచించి ఉంటుంది గనుక "చల్లగా" అన్న పరీక్ష తెల్లవారి చేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. వంటింటి గిన్నె వాడితే తరవాత అది వంటింటికి తిరిగి వెళ్లదని ఇంట్లో ముందే చెప్పండి. కరెంటు వాల్వు తీగ చుట్టను మల్టీమీటర్‌తో కొలిస్తే 12 ఓమ్‌ల చుట్టుపక్కల ఉండాలి. అసలు రీడింగే రాకపోతే చుట్ట తెగిపోయినట్టే. ఎక్కువసార్లు ఆ వాల్వు పాడవదు, మసి పట్టి కదలిక మందగిస్తుంది, కార్బ్ క్లీనర్‌తో కడిగితే తేరుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వేయండి.

ఇక దొంగ గాలి. గాలి మీటరు తలుపు దాటి వచ్చిన గాలికే కంప్యూటర్ పెట్రోలు లెక్క కడుతుంది. ఆ మీటరుకూ ఇంజన్‌కూ మధ్య ఎక్కడ చిల్లు పడినా లోపలికి వచ్చే గాలికి లెక్క ఉండదు, మిశ్రమం పలచబడుతుంది, ఐడ్లింగ్ ఊగుతుంది లేదా మిస్సింగ్ కొడుతుంది. దీనికి మీ బండిలో సులువైన పరీక్ష ఉంది. ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ వెంటనే తడబడాలి, ఆగిపోయినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే మీరు ఒక పెద్ద చిల్లు చేశారు. మూత తీసినా ఏ మార్పూ రాకపోతే మరో చిల్లు అప్పటికే ఉందని గానీ, పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది) పూడుకుపోయిందని గానీ అర్థం. పీసీవీ వాల్వును పీకి చెవి దగ్గర ఊపితే లోపల గింజ ఆడుతున్నట్టు టకటక శబ్దం రావాలి.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఇలాంటి గాలి మీటరే ఉన్న ఒక కారు ఐడ్లింగ్ కోసం నా దగ్గరకు వచ్చింది. గొట్టం తీయకుండానే టార్చి వేసి చూశాను, బాగుంది అనుకున్నాను, ఐడ్లింగ్ వాల్వు మార్పించాను. యజమాని డబ్బు ఇచ్చి వెళ్లి నాలుగో రోజున తిరిగి వచ్చాడు. అప్పుడు గొట్టాన్ని విప్పి చేతుల్లోకి తీసుకుని అకార్డియన్‌లా సాగదీస్తే, అడుగు వైపు మడతల మధ్యలో చూపుడువేలంత చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే పెదాలు అతుక్కున్నట్టు మూసుకుపోయింది. బండి నిలబడి ఉన్నప్పుడు మూసుకుని ఉండేది, గేరు వేసి కదలగానే ఇంజన్ తన ఆసరాల మీద ఒక పక్కకు ఒరిగి చీలిక తెరుచుకునేది. మార్చిన వాల్వు డబ్బు నేనే భరించాను. మీ బండిలో గాలి మీటరు నుంచి త్రాటిల్ బాడీ దాకా ఇంజన్ ముందు భాగాన్ని దాటే అడ్డ గొట్టం ఉంటుంది, దాని రబ్బరు మడతలు పగలడం ఈ మోడల్‌లో మామూలే. దాన్ని విప్పి, వంచి, సాగదీసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి.

కంటికి కనిపించని చిల్లులకు పొగ పరీక్ష మంచిది. నాకు పని నేర్పిన మేస్త్రి ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, బ్రేక్ బూస్టర్ హోస్‌ను ఊడదీసి దానిలోకి తన చుట్ట పొగ ఊదేవాడు. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) ప్యాకింగ్ దగ్గర సన్నటి నీలిచార లేచేది, "అదిగో" అని చుట్టను మళ్లీ నోట్లో పెట్టుకునేవాడు. పెట్రోలు బండి మీద నిప్పుతో ఆ పని మీరు చేయవద్దు, ఇప్పుడు చాలా వర్క్‌షాపుల్లో పొగ యంత్రాలు ఉన్నాయి. ఇంట్లో అయితే సబ్బు నీళ్లు స్ప్రే చేసి, ఆర్‌పీఎం మారుతోందో లేదో చూడటం చాలు. మండే క్లీనర్లను వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ దగ్గర కొట్టమని ఇంటర్నెట్‌లో చెప్పే సలహాను నేను ఎవరికీ ఇవ్వను.

త్రాటిల్ బాడీ మీద ఇంకో స్క్రూ ఉంది, త్రాటిల్ మీటను ఆపేది. దాన్ని కంపెనీలోనే సరిచేసి రంగు పూసి పంపుతారు. మీ మెకానిక్ తిప్పినది ఐడ్లింగ్ స్క్రూనా, ఇదా అన్నది మీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. రంగు చెదిరి ఉంటే ఇదే తిప్పారని అర్థం, అప్పుడు మరో తలనొప్పి మొదలవుతుంది. మీ బండిలో త్రాటిల్ సెన్సర్ నిజానికి ఒక స్విచ్చు. కాలు తీసేశారా, పూర్తిగా తొక్కారా అన్న రెండే సంగతులు కంప్యూటర్‌కు చెబుతుంది. రేకు కొంచెం తెరిచే ఉంటే "కాలు తీశారు" అన్న కబురు కంప్యూటర్‌కు అందదు, ఐడ్లింగ్‌ను సరిదిద్దే ప్రయత్నమే అది చేయదు. స్క్రూకూ మీటకూ మధ్య 0.4 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టినప్పుడు ఐడిల్ కాంటాక్టు కలిసి ఉండాలి, 0.7 పెట్టినప్పుడు విడిపోవాలి. అలా లేకపోతే సెన్సర్ స్క్రూలు రెండూ వదులు చేసి కొద్దిగా తిప్పి సరిచేయవచ్చు.

కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌ను కూడా కొలవండి. హెడ్ వెనక రెండు తీగల కప్లర్ ఉన్నది కంప్యూటర్‌ది, ఒక్క తీగ ఉన్నది మీటరుది. చాలామంది ఒక్క తీగదాన్ని మార్చి, ఏమీ మారలేదని వాపోతారు. 20 డిగ్రీల దగ్గర దాదాపు 2.2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర దాదాపు 0.29 నుంచి 0.35 కిలో ఓమ్‌లు రావాలి. విశాఖలో 20 డిగ్రీల ఉదయం చలికాలంలో తప్ప దొరకదు కాబట్టి మీరు కొలిచే చల్లటి రీడింగు దానికంటే తక్కువ ఉంటుంది, కంగారు పడకండి.

సముద్రం పక్కన ఉన్నందుకు మనం కట్టే పన్ను ఒకటి ఉంది, అది ఎర్త్ వైర్ల దగ్గర కనిపిస్తుంది. మీ బండి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అక్కడి నుంచి కరెంటు ముందుకు పొడుగు వైరులో వెళ్లి, తిరుగు ప్రయాణం మొత్తం బాడీ రేకు గుండా చేస్తుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ వైరు చివర పచ్చటి చిలుము పట్టి ఉంటే హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడు సెన్సర్ల రీడింగులన్నీ అటూ ఇటూ జరుగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన తరవాత కొన్ని నెలలపాటు నా దగ్గరకు వచ్చిన విచిత్రమైన కరెంటు జబ్బుల్లో ఎక్కువ భాగం ఉప్పు నీటి తుంపర కప్లర్లలోకి దూరడం వల్లనే. మీ బండి అప్పుడు షెడ్డులోనే ఉందో బీచ్ రోడ్డు వైపు ఆరుబయట ఉందో మీ మావయ్యగారిని అడగండి. బయట ఉండి ఉంటే గాలి మీటరు, త్రాటిల్ స్విచ్, కరెంటు వాల్వు కప్లర్లను ఒక్కొక్కటే విప్పి, పిన్నుల మీద చిలుము ఉందేమో చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బిగించండి. ఎర్త్ చివరలను విప్పి, రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయండి.

కంప్యూటర్ తనకు తెలిసిన జబ్బు కోడ్ రూపంలో చెబుతుంది. ఇంజన్ బేలో డయాగ్నోసిస్ అని రాసి ఉన్న నల్ల డబ్బా మూత తీస్తే లోపలి పిన్నుల పేర్లు మూత వెనకే ఉంటాయి. టీఈఎన్, జీఎన్‌డీ అన్న రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపి, తాళం ఆన్ చేస్తే, చెక్ ఇంజన్ లైటు ఉన్న బండిలో ఆ లైటు, లేని బండిలో బి ప్లస్, ఎఫ్‌ఈఎన్ పిన్నుల మధ్య పెట్టిన చిన్న ఎల్ఈడీ మెరుపులతో కోడ్ ఇస్తుంది. 08 గాలి మీటరు, 09 కూలెంట్ సెన్సర్, 34 కరెంటు వాల్వు. మైనం వాల్వుకు కోడ్ లేదు. కోడ్ రాలేదంటే బాగుందని అనుకోవద్దు, తీగ తెగితేనో కలిస్తేనో తప్ప చాలా జబ్బులు దానికి తెలియవు.

అసలు జబ్బు నయమయ్యాక మాత్రమే స్క్రూ దగ్గరకు వెళ్లాలి. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజన్ వేడెక్కనివ్వండి. ఏసీ, లైట్లు, బ్లోయరు అన్నీ ఆపేయండి. టీఈఎన్, జీఎన్‌డీ పిన్నులను మళ్లీ కలపండి. ఇలా కలిపినంతసేపు కంప్యూటర్ ఐడ్లింగ్‌ను తన చేతుల్లోంచి వదిలేసి, ఇగ్నిషన్ టైమింగ్‌ను (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని) కూడా కదపకుండా ఉంచుతుంది. ముందు టైమింగ్ లైటుతో 10 డిగ్రీలు ఉందో లేదో చూడండి, లేకపోతే హెడ్ వెనక ఉన్న క్యామ్ సెన్సర్ బోల్టు వదులు చేసి సరిచేయండి. తరవాత ఐడ్లింగ్ స్క్రూ తిప్పి ఆర్‌పీఎంను 850కి తీసుకురండి; యాభై అటూ ఇటూ ఫరవాలేదు. మీ మెకానిక్ బిగించినది ఈ స్క్రూనే అయితే కొన్ని చుట్లు వెనక్కి తిప్పవలసి వస్తుంది. ఎంత తిప్పినా 850 రాకపోతే త్రాటిల్ బాడీ లోపలి దారి మసితో పూడుకుని ఉంది. ఎంత బిగించినా 850కి దిగకపోతే ఎక్కడో ఇంకా దొంగ గాలి ఉంది. ఆ వైరు తీసేయడం మరిచిపోకండి. తీసేశాక ఏసీ వేసి చూడండి, సూది ఒక్క క్షణం కిందికి వెళ్లి వెంటనే లేచి నిలబడాలి.

పెట్రోలు గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన బంకుల్లోకి రావడం మొదలైంది, ఇప్పుడు దాదాపు అంతటా అదే. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది గనుక మిశ్రమం కొంత పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ బాగున్న బండి దాన్ని సర్దుకుంటుంది, అది చచ్చిన బండి ఐడ్లింగ్‌లో వణుకుతుంది. మీ ఊయలకు ఇది కారణం కాదు, కానీ 1990 నాటి రబ్బరు పెట్రోలు పైపులు ఇథనాల్ కోసం చేసినవి కావు. అడ్డ గొట్టం చూడటానికి బోనెట్ ఎత్తినప్పుడే ఇంజెక్టర్ల దగ్గరి పైపులను వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే ఐడ్లింగ్ కంటే ముందు వాటినే మార్పించండి.

రెండు సన్నని పైపుల్లో ఏది వేడి, ఏది చల్లన, ఆయిల్ మూత తీసినప్పుడు ఇంజన్ ఏం చేసింది, త్రాటిల్ మీట స్క్రూ మీద రంగు చెదిరిందా లేదా, ఈ మూడు సంగతులూ రాయండి. ఆ జవాబులు వచ్చేదాకా కొత్త ఐడ్లింగ్ వాల్వుకు ఆర్డర్ పెట్టకండి.